రెండు రోజులకు ఒక పేట చాలు

శుక్రవారం రాత్రి రైలెక్కి, సోమవారం పొద్దున మళ్లీ ఆఫీసులో ఉండాలి. ఈ మధ్యలో ఒక మహానగరం చూసి రావాలి. సమయం తక్కువని అందరికీ తెలుసు. అయినా కాగితం ముందు పెట్టుకోగానే పద్దెనిమిది పేర్లు పడిపోతాయి: బీచ్, మ్యూజియం, గుడి, ఇంకో గుడి, జూ, మాల్, ఫలానా హోటల్లో బిర్యానీ, ఫలానా వీధిలో చీరలు. ఆదివారం రాత్రి తిరుగు రైలెక్కేసరికి కాళ్లు పీకుతుంటాయి, ఫోను నిండా ఫొటోలుంటాయి. చూసినవాటిలో ఏ ఒక్కదాని గురించైనా నాలుగు మాటలు చెప్పమంటే మాత్రం నోరు పెగలదు.

చిన్న ప్రయాణానికే ఎక్కువ ఆలోచన కావాలి. వారం రోజులు చేతిలో ఉంటే ఒక పూట పాడైనా సర్దుకోవచ్చు. రెండు రోజుల్లో ఒక పూట పోతే పావు వంతు ప్రయాణం పోయినట్టే. ఏం కావాలో తేల్చుకోవడం, మిగతాది బాధపడకుండా వదిలేయడం, ఇంట్లోవాళ్లను నొప్పించకుండా ఒప్పించడం, అనుకున్న వేళకు కదలడం... ఉద్యోగంలోనూ సంసారంలోనూ రోజూ పనికొచ్చే ఈ గుణాలన్నీ ఆ రెండు రోజుల్లో పరీక్షకొస్తాయి. అందుకే వారాంతపు ప్రయాణానికి ప్రణాళిక వేయడాన్ని మంచి వ్యక్తిత్వ సాధనగా నేను నమ్ముతాను.

ముందు గంటలు లెక్కపెట్టండి. శనివారం పొద్దున ఎనిమిదికి ఊళ్లో దిగారు, ఆదివారం సాయంత్రం అయిదుకు తిరుగు రైలు అనుకుందాం. మొత్తం 33 గంటలు. నిద్రకు 8 తీసేయండి. స్నానాలు, టిఫిన్లు, భోజనాలకు కలిపి 7. మహానగరం కాబట్టి ఆటోల్లో, రైళ్లలో, ట్రాఫిక్‌లో 5. స్టేషనుకు ముందుగా చేరడానికి ఒకటి. మిగిలేవి 12. పిల్లలో పెద్దవాళ్లో వెంట ఉంటే మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాలి కాబట్టి మరో రెండు పోతాయి. అంటే మీ చేతిలో ఉన్నవి పది గంటలు. ఒక్కో చోటుకు రెండు గంటలు ఇచ్చినా అయిదు చోట్లే. ఆరో పేరు రాశారంటే, ఆ సమయం మిగతా అయిదింటిలోంచి లాక్కున్నదే.

ఆ అయిదు ఏవి? 'తప్పక చూడాల్సిన ప్రదేశాలు' అని ఫోనులో వెతకడం ఆపండి. ఆ జాబితా తయారుచేసినవాళ్లకు మీ ఇంట్లో ఎవరికి మోకాళ్ల నొప్పులున్నాయో, ఎవరికి పాటలంటే ప్రాణమో తెలియదు. ఇంట్లో నలుగురుంటే నలుగురినీ కూర్చోబెట్టి తలా ఒక్కటి అడగండి. ఒక్కటే. పదేళ్ల పాప 'సముద్రం' అందంటే సముద్రం ఖాయమైనట్టే, దాని మీద మళ్లీ చర్చ ఉండకూడదు. తన మాట చెల్లిందని తెలిసిన పిల్ల మిగతా చోట్ల మారాం చేయదు. అయిదోది మాత్రం ప్రయాణం మొత్తానికీ ఒక దారంలా ఉండాలి. ఈసారి ఈ నగరంలో మనం ఏం తెలుసుకోబోతున్నాం? దానికి జవాబు ఒక్క వాక్యంలో రాయగలిగితే సగం ప్రణాళిక అయిపోయినట్టే.

చెన్నైనే తీసుకుందాం. నెల్లూరు, తిరుపతి వాళ్లకు మూడు గంటల దూరం, విజయవాడ వాళ్లకు ఒక పూట రైలు ప్రయాణం, హైదరాబాద్ వాళ్లకు ఒక రాత్రి నిద్ర. మన తాతల కాలంలో పరీక్షలకు, కోర్టులకు, సినిమా వేషాలకు అందరూ వెళ్లిన ఊరు. ఇప్పుడు మనలో ఎక్కువమంది ఆసుపత్రి పని మీదో, పెళ్లి బట్టలకో వెళ్లి, ఊరివైపు కన్నెత్తి చూడకుండానే తిరిగొస్తున్నాం. అందుకని ఒక వాక్యం రాసుకుందాం: 'చెన్నైలో మనవాళ్లు వదిలి వెళ్లిన గుర్తులు చూడాలి.' ఈ ఒక్క వాక్యంతో పద్దెనిమిది పేర్లలో పన్నెండు వాటంతటవే కొట్టుకుపోతాయి.

తర్వాత తేదీ. చెన్నైకి మే నెల వద్దు, ఆ ఎండకు పెద్దవాళ్లు గదిలోంచి కదలలేరు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. 2015 డిసెంబరు మొదట్లో ఊరు ఎలా మునిగిందో గుర్తుంది కదా! డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పైగా ధనుర్మాసంలో ఊరంతా సంగీత సభలే. పేరున్న విద్వాంసుల సాయంత్రం కచేరీలకు టికెట్టు కొనాలి గానీ, పగటిపూట కుర్రవాళ్లు పాడే కచేరీలు చాలా సభల్లో ఉచితం. తెలుగు రాని పిల్లలు త్యాగయ్య కృతిని అక్షరం తప్పకుండా పాడుతుంటే వినడం, మన పిల్లలకు మనం తెలుగు గురించి చేసే ఏ బోధ కన్నా బాగా పనిచేస్తుంది. సభ ఆవరణలో క్యాంటీన్ ఉంటే భోజనం అక్కడే కానివ్వండి.

తేదీ ఖాయం కాగానే టికెట్లు తీసేయండి. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు నుంచి 60 రోజులే, అంతకుముందు 120 ఉండేది. శుక్రవారం రాత్రి బెర్తులు, ఆదివారం సాయంత్రం సీట్లు అందరికీ కావాలి కాబట్టి ముందు తిరుగు టికెట్టు చూసుకోండి. చాలామంది వెళ్లే టికెట్టు కొని, వచ్చేది తర్వాత చూద్దాంలే అనుకుంటారు. రెండు రోజులూ ఆ వెయిటింగ్ లిస్టు వెంటే తిరుగుతుంది మనసు. తత్కాల్ ప్రయాణానికి ముందు రోజు ఏసీకి పది గంటలకు, మిగతావాటికి పదకొండుకు తెరుచుకుంటుంది. అది అత్యవసరానికి ఉన్నది. సరదా ప్రయాణాన్ని దాని మీద ఆధారపడేలా పెట్టుకోకండి.

ఆ తర్వాత తలుపులు. ఏ చోటు ఏ రోజు మూస్తారు, ఏ వేళకు తెరుస్తారు అన్నదే మీ వరసను నిర్ణయిస్తుంది. ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియానికి శుక్రవారం సెలవు. మెరీనా లైట్‌హౌస్ సోమవారం ఎక్కనివ్వరు. గుళ్లు మధ్యాహ్నం మూసేసి సాయంత్రం నాలుగు ప్రాంతంలో తెరుస్తారు. కాబట్టి మ్యూజియం పగలు, గుడి పొద్దున్నో సాయంత్రమో అని దానంతటదే తేలిపోతుంది. బయల్దేరే ముందు రోజు ఒకసారి ఫోను చేసి వేళలు ఖాయం చేసుకోండి. రెండు నిమిషాల పని, ఒక పూట దక్కుతుంది.

బస విషయంలో ఒక్క మాట గట్టిగా చెబుతాను. ఊరి చివర చవకగా దొరికిన గది ఖరీదైనది. గదిలో మిగిలిన డబ్బు ఆటోలకు పోతుంది, దాంతోపాటు ఉన్న పది గంటల్లో రెండు పోతాయి. ఎగ్మూరులోనో మైలాపూరులోనో గది తీసుకోండి. బుక్ చేసేముందు ఒకటి అడగండి: చెకౌట్ 24 గంటల లెక్కా, లేక మధ్యాహ్నం పన్నెండుకా? పొద్దున ఏడుకు దిగితే గది అప్పుడే ఇస్తారా? ఇవ్వమంటే సామాను దించుకోవడానికి ఒప్పుకుంటారా? లేదంటే స్టేషన్ క్లోక్ రూమ్ ఉండనే ఉంది. అడగడానికి మొహమాటపడి, తలస్నానం లేకుండా రోజంతా బ్యాగులు మోసే కుటుంబాలను ప్రతి స్టేషన్లోనూ చూస్తుంటాం.

ఇక శనివారం. హైదరాబాద్ నుంచి చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు ఎగ్మూరులోనే దిగొచ్చు. సెంట్రల్లో దిగినవాళ్లకు మెట్రోలో ఒక్క స్టేషన్. స్నానం, టిఫిను ముగించుకుని పాంథియన్ రోడ్డులోని మ్యూజియానికి తెరిచే వేళకే వెళ్లండి. అది 1851లో మొదలైన సంస్థ, ఆవరణలో ఎన్నో భవనాలున్నాయి. అన్నీ చూద్దామన్న ఆశ ఇక్కడే పుడుతుంది. దాన్ని ఇక్కడే అణచండి. మీరు వచ్చింది అమరావతి శిల్పాల గది కోసం. అది చూశాక ఓపిక ఉంటే కంచు విగ్రహాల గది. అంతే.

ఆ గది ముందు ఒక చిన్న కథ పిల్లలకు చెప్పండి. అమరావతిలో కృష్ణ ఒడ్డున ఒక మహాస్తూపం ఉండేది. కాలక్రమంలో అది మట్టిదిబ్బ అయిపోయింది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ మెకంజీ అక్కడికి వెళ్లేసరికి, కట్టడాల రాయి కోసం ఆ దిబ్బను తవ్వుతున్నారు. 1845లో మరో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ మళ్లీ తవ్వించి, దొరికిన శిల్పాలను మద్రాసు పంపించాడు. వాటిలో చాలావరకు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఇక్కడే మిగిలినవి, ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికి ఇక్కడికి చేరినవి ఈ గదిలో కనిపిస్తాయి.

గదిలో ఉన్నవన్నీ చూడొద్దు. నలగిరి ఏనుగు ఉన్న గుండ్రటి పలకను వెతికి పట్టుకోండి. పల్నాటి సున్నపురాయి మీద, సుమారు రెండో శతాబ్దపు పని. దేవదత్తుడు బుద్ధుడి మీదికి మదపుటేనుగును వదిలిన కథ. ఒకే పలకలో ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు వీధిలో పడి మనిషిని తొండంతో పట్టి విసురుతోంది, జనం చెల్లాచెదురవుతున్నారు, భయపడిన ఒక స్త్రీ పక్కనున్న మనిషిని పట్టుకుని ఒదిగిపోయింది, మేడ కిటికీల్లోంచి ముఖాలు తొంగిచూస్తున్నాయి. ఇంకోవైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల ముందు మోకాళ్ల మీద వంగిపోయి ఉంది. మధ్యలో గీత లేదు, విభజన లేదు. అల్లరి ఎక్కడ ఆగి శాంతి ఎక్కడ మొదలైందో కన్ను వెతుక్కోవాలి. దీని ముందు పది నిమిషాలు నిలబడండి. ఫోను జేబులోనే ఉంచి, 'ఎవరెవరు ఏం చేస్తున్నారో చెప్పండి చూద్దాం' అని పిల్లలను అడగండి. పెద్దవాళ్లు చూడనివి వాళ్లు చూస్తారు. నాకు తెలిసి ఏకాగ్రతకు ఇంతకన్నా మంచి పాఠం ఏ తరగతి గదిలోనూ లేదు. మూడు వందల శిల్పాల ముందు నుంచి నడిచిపోయిన మనిషికీ, ఒక్క శిల్పం ముందు నిలబడిన మనిషికీ సాయంత్రానికి చాలా తేడా ఉంటుంది.

మధ్యాహ్నం భోజనం, గది, నిద్ర. ఈ నిద్రను ఎవరూ తప్పుపట్టకూడదు. రోడ్ల మీద ఎండలో గడిపే ఆ రెండు గంటలే సాయంత్రం గొడవలకు మూలం. సాయంత్రం పాప కోరిన సముద్రం. మెరీనాలో నీళ్లలోకి దిగి ఈదడం నిషేధం, అలలు లోపలికి లాగేస్తాయి. పాదాలు తడిస్తే చాలని పిల్లలకు ముందే, గదిలోనే చెప్పండి. ఒడ్డున చెబితే వినరు. పొద్దుపోయాక వేరే కార్యక్రమం వద్దు. సంగీత సభల కాలమైతే ఒక కచేరీ, లేకపోతే తిరిగి గదికి.

ఆదివారం పొద్దున్నే మైలాపూరు. నగరం నిద్ర లేవకముందు రెండు గంటలు మీవి, వాటిని పరుపు మీద పోగొట్టుకోకండి. బీచ్ నుంచి వేళచ్చేరి వెళ్లే ఎం.ఆర్.టి.ఎస్. రైల్లో తిరుమయిలై స్టేషన్‌లో దిగితే లజ్ కూడలి. అక్కణ్నుంచి అంతా నడకే. మెట్రో రెండో దశ పనులతో ఆ చుట్టుపక్కల దారులు మారుస్తుంటారు కాబట్టి కారు కన్నా కాళ్లే త్వరగా చేరుస్తాయి.

ముందు లజ్ చర్చ్ రోడ్డులో నాగేశ్వరరావు పార్కు. పేరు చూసి ఎవరో స్థానిక నాయకుడనుకుంటారు చాలామంది. ఆయన మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ రాబడితో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక నడిపి, 1914లో దాన్ని మద్రాసు తెచ్చి, 1924లో భారతి పత్రిక స్థాపించిన దేశోద్ధారకుడు. తలనొప్పి మందు అమ్మిన డబ్బు ఒక భాషకు పత్రికలయింది. కష్టపడి సంపాదించిన దాన్ని ఏం చేయాలో పిల్లలకు చెప్పడానికి ఈ పార్కు బెంచీ మంచి చోటు. నెలలో మొదటి ఆదివారమైతే పొద్దున పిల్లలు మైకు లేకుండా పాడే కచేరీ కూడా దొరకొచ్చు. ఈ పరిసరాల్లోనే ఆయన ఇల్లు శ్రీబాగ్. 1937 నవంబరు 16న ఆంధ్ర రాష్ట్రం కోసం కోస్తా, రాయలసీమ నాయకులు ఒప్పందానికి వచ్చింది ఆ ఇంట్లోనే.

లజ్ నుంచి రాయపేట హైరోడ్డు పట్టుకుంటే 126వ నంబరు. స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు ఆంధ్ర రాష్ట్రం కోసం ఆ ఇంట్లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. 58 రోజుల తర్వాత, డిసెంబరు 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది, మద్రాసు లేకుండా. ఇప్పుడది స్మారక భవనం. తెలుగు సభలు జరుగుతుంటాయి. ఇక్కడ ఎక్కువసేపు ఉండక్కర్లేదు, ఎక్కువ మాట్లాడక్కర్లేదు. ఆ తేదీలు పిల్లలకు చెప్పి, రోజులు వాళ్లనే లెక్కపెట్టమనండి. యాభై ఎనిమిది అంటే ఎంతో అప్పుడు తెలుస్తుంది.

కపాలీశ్వరస్వామి గుడికి చేరేసరికి ఎండ ముదరకూడదు. దర్శనం అయ్యాక కోనేటి గట్టున కాసేపు కూర్చుని, మాడవీధుల్లో ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ. ఇత్తడి సామాను, పూలు, బొమ్మలు, పసుపు కొమ్ములు... కొనాలనిపిస్తే ఇక్కడే నాలుగు వీధుల్లో కొనండి. మైలాపూరులో సగం పూట గడిస్తే ఊరి గురించి మీకంటూ ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. అదే మీరు ఇంటికి తెచ్చుకునేది.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన పని. కాదనడం. మహాబలిపురం ఇంకో అరవై కిలోమీటర్లు, 'ఇంత దూరం వచ్చాం కదా' అని బావగారు అంటారు. టి.నగర్‌లో చీరలు కొనాలని అత్తయ్యకు ఎప్పటినుంచో ఉంటుంది. తాంబరంలో పిన్నిగారు భోజనానికి రాకపోతే మాట పడాల్సి వస్తుంది. వీటిలో ఏదీ తప్పు కోరిక కాదు. కానీ ఏ ఒక్కదానికి తలూపినా ఒక పూట పోతుంది. మొహమాటంతో అవునని, దారి పొడుగునా ముఖం ముడుచుకునే కన్నా ముందే చెప్పేయడం గౌరవం. ఎలా చెప్పాలి? కారణం చిన్నగా, ప్రత్యామ్నాయం తేదీతో సహా. 'అత్తయ్యా, ఈసారి మీరు కోరిన స్వామి దర్శనం నిమ్మళంగా చేసుకుందాం. హడావుడిగా కొంటే చీర నచ్చదు. శ్రావణమాసంలో చీరలకోసమే వద్దాం, మీరూ నేనూ.' ఈ మాటలో తిరస్కారం లేదు. పిన్నిగారికైతే 'ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మాడవీధిలో టిఫినుకు రండి పిన్నీ, మేమక్కడే ఉంటాం' అనండి. కలవడం కుదురుతుంది, పూటా మిగులుతుంది.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. మొత్తం ఇంత అని ముందే తేల్చి, టికెట్లు, గది పోగా మిగిలినదాన్ని రెండు కవర్లలో పెట్టండి, రోజుకొకటి. శనివారం కవరు ఖాళీ అయితే ఆదివారం కవరు ముట్టుకోకూడదు. యూపీఐ ఎంత అలవాటైనా ఆటోలకు, పూలకు, గుడి దగ్గరకు చిల్లర నోట్లు ఉంచుకోండి. ఒక కవరు లెక్క ఇంట్లో పెద్దపిల్లకు అప్పగించండి. ఐస్‌క్రీమ్‌కు ఎంత పెట్టాలో తనే తేల్చుకుంటుంది, బయట బేరం తనే చేస్తుంది.

ఒక పూట మాత్రం ఖాళీగా వదలండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి రైలు వేళ దాకా ఏమీ రాయొద్దు. ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా, వాన పడినా, మ్యూజియంలో పిల్లవాడు ఇంకో గంట కావాలన్నా ఆ ఖాళీలోంచే ఇవ్వాలి. ఏమీ జరగకపోతే గదిలో కాళ్లు చాపుకుని మాట్లాడుకోండి. ఇంట్లో టీవీకీ ఫోనుకూ పోయే ఆ మాటలు ఇలాంటి చోటే దొరుకుతాయి. విజయవాడ వాళ్లు పినాకినిలో మధ్యాహ్నమే బయల్దేరాలనుకుంటే ఆ ఖాళీని శనివారం సాయంత్రానికి మార్చుకోండి. ఖాళీ పూట మాత్రం ఉండి తీరాలి.

రైలు గూడూరు దాటేలోపు ఒక పని పూర్తి చేయండి. వదిలేసిన పేర్ల కాగితం బయటికి తీసి, అందరూ కలిసి చదవండి. ఇప్పుడు వాటిలో కొన్ని ఎవరికీ అక్కర్లేదని తేలుతుంది, వాటిని కొట్టేయండి. మిగిలినవి వచ్చేసారికి. అత్తయ్యకు చీరల మాట ఇచ్చారు, అది మొదటి వరసలో రాయండి. శ్రావణమాసపు టికెట్లు అరవై రోజుల ముందు, అంటే జ్యేష్ఠంలోనే తెరుచుకుంటాయి. ఆ తేదీని ఫోనులో ఇప్పుడే గుర్తు పెట్టుకోండి.